బిల్లులో వాళ్ళే కలిపిన 20 శాతం అసలు వడ్డించే సర్వర్‌కి చేరుతుందా?

కందిపొడి_డల్లాస్
రెస్టారెంట్లలో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి. పెద్ద గ్రూపుగా వెళ్తే బిల్లులో 20 శాతం 'గ్రాట్యుయిటీ' (టిప్పు లాంటిది) అని వాళ్ళే కలిపేస్తున్నారు కదా. మెనూ కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, అది చూసే కూర్చున్నాం, దాని మీద నాకు పేచీ లేదు. ఆ డబ్బు మాకు వడ్డించిన అమ్మాయికి వెళ్తుందా, ఓనరు గల్లాపెట్టెలో పడుతుందా అన్నదే నా ప్రశ్న. పైగా ఆ 20 శాతం కింద మళ్ళీ 'అదనపు టిప్' అని ఖాళీ గీత ఒకటి. మా తోడల్లుడు వద్దంటున్నా వినకుండా అక్కడ ఇంకో 30 డాలర్లు రాశాడు, 'వీళ్ళు ఆ పిల్లకి పైసా ఇవ్వరు, నాకు తెలుసు' అని. ఎలా తెలుసు అంటే చెప్పడు. ఇంటికి వచ్చేదాకా కారులో ఇదే వాదన. ఎవరిది కరెక్ట్?

చికాగో_చిన్నోడు
సర్వర్‌కే వెళ్తుంది బ్రో. గ్రాట్యుయిటీ అని పేరు పెట్టి ఓనరు తీసుకుంటే అది దొంగతనం కాదా? ఊరికే టెన్షన్ పడకండి.

పన్నుల_మావయ్య
చిన్నోడా, అంత తేలిగ్గా తేల్చేయకు. నేను చూసే ట్యాక్స్ ఫైళ్ళలో రెస్టారెంట్లు చాలానే ఉంటాయి కాబట్టి చెప్తున్నా.

అమెరికా మొత్తానికీ వర్తించే ఫెడరల్ చట్టం లెక్కలో మనం ఇష్టపడి ఇచ్చింది వేరు, వాళ్ళు బిల్లులో వేసి వసూలు చేసింది వేరు. మొదటిది టిప్పు, అది పనివాళ్ళ సొత్తు. 2018లో ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టాన్ని సవరించారు, అప్పటి నుంచి ఓనరు గానీ మేనేజరు గానీ సూపర్‌వైజరు గానీ పనివాళ్ళ టిప్పుల్లో వాటా తీసుకోవడానికి లేదు. రెండోది సర్వీస్ ఛార్జి, దానికి వాళ్ళు ఏ పేరు తగిలించినా సరే. మీరు భోజనానికి కట్టిన డబ్బులాగే అది కూడా రెస్టారెంట్ ఆదాయం. అందులోంచి సర్వర్‌కి మొత్తం ఇవ్వొచ్చు, సగం ఇవ్వొచ్చు, అసలు ఇవ్వకపోవచ్చు, ఫెడరల్ చట్టం అయితే అడ్డు చెప్పదు.

ఏది ఏదో తేల్చడానికి ఐఆర్ఎస్ (ఇక్కడి ఆదాయపు పన్ను శాఖ) 2012లో 2012-18 నంబరుతో ఒక రూలింగ్ ఇచ్చి, 2014 జనవరి నుంచి గట్టిగా అమలు చేస్తోంది. అందులో చూసేవి ఇవీ: బలవంతం లేకుండా ఇచ్చారా, ఎంత ఇవ్వాలో మీ ఇష్టానికే వదిలేశారా, బేరం గానీ ఓనరు పాలసీ గానీ లేకుండా ఉందా, ఎవరికి వెళ్ళాలో మీరు చెప్పగలరా. వీటిలో ఏది తప్పినా అది టిప్పేనా అని అనుమానించాల్సిందే. గ్రూపుకి తప్పనిసరి 20 శాతం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది.

చికాగో_చిన్నోడు
అయితే మెనూ మీద గ్రాట్యుయిటీ అని వేసి మనల్ని నమ్మించడం మోసం కాదా మావయ్యా? అది చూసి ఎవడైనా సర్వర్‌కే అనుకుంటాడు.

పన్నుల_మావయ్య
ఆ వాదన కోర్టులో నిలబడిన రాష్ట్రాలు ఉన్నాయి. న్యూయార్క్‌లో వరల్డ్ యాట్ అనే డిన్నర్ క్రూజ్ కంపెనీ మీద వెయిటర్లు కేసు వేస్తే, మామూలు కస్టమర్ దాన్ని టిప్పు అనుకునేలా ఉంటే తప్పనిసరి ఛార్జి కూడా పనివాళ్ళదే అవుతుంది అని 2008లో అక్కడి పై కోర్టు చెప్పింది. 2011 నుంచి నిబంధనల్లో కూడా ఉంది, భోజనం ధర మీద వేసే అదనపు ఛార్జిని ముందు టిప్పు అనే అనుకోవాలి, కాదని చూపించాల్సిన బాధ్యత ఓనరుది. కానీ కందిపొడి గారు ఉన్నది టెక్సస్.

కందిపొడి_డల్లాస్
అంటే మా తోడల్లుడే గెలిచాడా. ఈ థ్రెడ్ అతనికి చూపించకుండా ఉంటే బాగుండు.

పళ్ళెం_మోసిన_స్వాతి
హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వాళ్ళ భార్యాభర్తలకి ఇచ్చే పని అనుమతి) మీద రెండు చోట్ల సర్వర్‌గా చేశాను, రెండూ టెక్సస్‌లోనే, ఒకటి మామూలు రెస్టారెంట్, ఇంకోటి పెళ్ళిళ్ళు ఫంక్షన్లు చేసే హాలు. రెండు చోట్లా పద్ధతి పూర్తిగా వేరు, అందుకే 'వెళ్తుంది' అని గానీ 'వెళ్ళదు' అని గానీ ఒక్క మాటలో చెప్పలేం.

మొదటి చోట ఆటో-గ్రాట్ (బిల్లులో ముందే కలిపే గ్రాట్యుయిటీ) మొత్తం నాకే వచ్చేది. కాకపోతే ఆ రాత్రి కాదు. మామూలు టిప్పులు షిఫ్ట్ అయ్యాక లెక్క చూసి ఇచ్చేవాళ్ళు, ఆటో-గ్రాట్ మాత్రం జీతంతో పాటు చెక్‌లో, పన్ను కోసుకుని వచ్చేది, ఎందుకంటే అది జీతం కింద లెక్క. అందులోంచి బార్ వాళ్ళకి, టేబుళ్ళు తుడిచే బస్సర్‌కి, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే హోస్ట్‌కి వాటా (టిప్-అవుట్) పోయేది. మిగతాది నాదే. ఇంకో సంగతి, ఈ రాష్ట్రంలో మాకు గంటకి ఇచ్చే జీతం 2 డాలర్ల 13 సెంట్లు. ఫెడరల్‌గా 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. టిప్పులతో కలిపి కనీస వేతనం 7.25 దాటితే చాలు, లేకపోతే ఓనరు ఆ తేడా కట్టాలి. కాబట్టి మీరు 'జీతం వస్తుంది కదా' అనుకోవద్దు, మీరు గీత మీద రాసేదే జీతం.

రెండో చోట బిల్లులో 22 శాతం సర్వీస్ ఛార్జి అని ఉండేది. మాకు గంటకి ఒక ఫిక్స్‌డ్ రేటు ఇచ్చేవాళ్ళు, 2.13 కంటే చాలా ఎక్కువే, అబద్ధం చెప్పను. కానీ ఆ 22 శాతానికీ మాకు వచ్చేదానికీ సంబంధమే ఉండేది కాదు. పెళ్ళివాళ్ళు మాత్రం అంతా మాకే అనుకుని, వెళ్ళేటప్పుడు 'థాంక్యూ అమ్మా' అని చెప్పి చేతిలో ఏమీ పెట్టకుండా వెళ్ళేవాళ్ళు. వాళ్ళ తప్పు కాదు, కాగితం మీద అంత మొత్తం కట్టారు మరి. మేనేజర్ ముందు 'ఇది మాకు రాదండీ' అని చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది?

అందుకే సర్వర్‌ని అడిగేవాళ్ళు ఇలా అడగండి: 'ఈ 20 శాతం నీకే వస్తుందా, హౌస్‌కి (రెస్టారెంట్‌కి) వెళ్తుందా?' మామూలు గొంతుతో, మేనేజర్ పక్కన లేనప్పుడు. వస్తే వెంటనే 'అవునండీ నాకే' అంటారు. తడబడితే అర్థం చేసుకోవచ్చు.

ఇంకొక్క మాట, నన్ను తిట్టినా సరే. పెద్ద గ్రూపులకి ఈ తప్పనిసరి రూల్ ఎందుకు వచ్చిందో మనవాళ్ళు కూడా కొంచెం ఆలోచించాలి. పన్నెండు మంది వచ్చి మూడు గంటలు కూర్చుని, ఆరు కార్డులు ఇచ్చి, ఒక్కొక్కరూ 'పక్కవాడు వేశాడులే' అనుకుని లేచిపోతే ఆ రాత్రి నా పని ఉచితం. ఆటో-గ్రాట్ నా చేతికి పూర్తిగా వచ్చిన చోట నాకు అది దేవుడిచ్చిన రూలే.

గుంటూరు_కారం_77
'మనవాళ్ళు' అనడం ఏంటండీ, అన్ని దేశాలవాళ్ళూ అంతే. ఎప్పుడూ మనల్ని మనమే కించపరుచుకోవడం. నేను ఏనాడూ 18 కి తగ్గించలేదు.

పళ్ళెం_మోసిన_స్వాతి
అన్ని దేశాలవాళ్ళూ అంతే అన్నారు కదా, నేనూ అదే అంటున్నా. మీరు నా సెక్షన్‌లో కూర్చుని ఉంటే బాగుండేది.

గుంటూరు_కారం_77
😄 సరే అక్కా.

వంటింటి_ఓనర్
ఓనర్ల వైపు నుంచి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తా. మాకు 40 సీట్ల చిన్న రెస్టారెంట్. అందరూ 'గల్లాపెట్టె' అంటున్నారు, కానీ సర్వీస్ ఛార్జి పెట్టే ప్రతివాడూ దొంగ కాదు. నా సమస్య వంటవాళ్ళు. శుక్రవారం రాత్రి పొయ్యి దగ్గర ఉడికిపోయేవాడికి గంట జీతం తప్ప ఏమీ ఉండదు, బయట వడ్డించేవాళ్ళు అదే రాత్రి వాడికంటే రెట్టింపు పట్టుకెళ్తారు. సర్వర్ల జీతం 2.13 లెక్కన ఇస్తూ వాళ్ళ టిప్పులు వంటవాళ్ళకి పంచడానికి చట్టం ఒప్పుకోదు, అందరికీ పూర్తి కనీస వేతనం ఇస్తేనే ఆ ఉమ్మడి పంపకం (టిప్ పూల్) పెట్టగలం. సర్వీస్ ఛార్జి అయితే నా ఇష్టం, వంటింటికీ పంచగలను. నేను అలాగే చేస్తున్నా, మెనూ మీద కూడా రాశా.

ఇంకో విషయం, సర్వీస్ ఛార్జి వల్ల ఓనరుకి అన్నీ లాభాలే అనుకోకండి. టిప్పుల మీద మేం కట్టే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (పింఛను, వైద్యం కోసం జీతం మీద పడే పన్నులు) వాటాకి ఆదాయపు పన్నులో క్రెడిట్ వస్తుంది, సర్వీస్ ఛార్జి మీద కట్టినదానికి రాదు. ఓవర్‌టైమ్ లెక్కలోకి కూడా ఆ డబ్బు వస్తుంది. 2014లో ఐఆర్ఎస్ గట్టిపడ్డాక కొన్ని పెద్ద చెయిన్లు ఆటో-గ్రాట్ తీసేసి, బిల్లు కింద 15, 18, 20 శాతానికి ఎంత అవుతుందో అచ్చువేయడం మొదలుపెట్టాయి, ఎంచుకోవడం మీకే వదిలేశారు.

చికాగో_చిన్నోడు
ఓనర్ అన్నా, వంటవాళ్ళకి ఇవ్వాలంటే వంటకాల రేటు పెంచి ఇవ్వొచ్చు కదా? మెనూలో 15 డాలర్లు చూపించి చివర్లో 20 శాతం వేయడం ఎందుకు?

వంటింటి_ఓనర్
పెంచితే పక్క రెస్టారెంట్‌కి వెళ్తావు తమ్ముడూ. న్యూయార్క్‌లో పేరున్న రెస్టారెంట్ల ఓనరు డానీ మేయర్ అంతటివాడు 2015లో టిప్పులు రద్దు చేసి రేట్లలోనే కలిపేశాడు, 2020లో మళ్ళీ టిప్పులకే వచ్చాడు. నా 40 సీట్లతో నేను విప్లవం తేలేను.

తోడల్లుడిని_నేనే
థ్రెడ్ నాకు చూపించకుండా ఉందామనుకున్నారు కానీ లింక్ మా ఆవిడే పంపింది.

నాకు ఎలా తెలుసో ఇప్పుడు చెప్తా. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒక హోటల్ గ్రూప్ పేరోల్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేశాను. బాంకెట్ (ఫంక్షన్ల విందు) సర్వీస్ ఛార్జిని ఎలా విడగొట్టాలో రాసే రూల్స్ అన్నీ నా చేతి మీదుగా వెళ్ళాయి. ఆ గ్రూప్‌లోని ఒక హోటల్‌లో మూడొంతుల్లో రెండొంతులు వడ్డించేవాళ్ళకి, మిగతాది హోటల్‌కి. ఇంకో దాంట్లో ఈవెంట్ సేల్స్ మేనేజర్‌కి కూడా వాటా, ప్లేట్ కూడా పట్టుకోని మనిషికి. ఒకే కంపెనీ, ఒకే పేరు, కస్టమర్‌కి కనిపించేది ఒకే లైను. అది చూశాక ముందే కలిపిన అంకెని నమ్మడం మానేశాను, అంతే. బావగారు 30 డాలర్లకి ఇంత చర్చ పెడతారనుకోలేదు.

కందిపొడి_డల్లాస్
బావగారూ, ఈ మాట కారులోనే చెప్తే సరిపోయేది కదా!

పన్నుల_మావయ్య
ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. టెక్సస్‌లో ఒక ఆనవాలు ఉంది, సర్వర్‌ని అడగకుండానే బిల్లులో చూడొచ్చు. ఇక్కడ తప్పనిసరి గ్రాట్యుయిటీ 20 శాతం లోపు ఉండి, బిల్లులో విడిగా చూపించి, మొత్తం వడ్డించే పనివాళ్ళకే పంచితే దాని మీద సేల్స్ ట్యాక్స్ పడదు. 20 దాటిన భాగానికి గానీ, ఓనరు అందులో ఉంచుకుంటే గానీ పన్ను వేయాలి. కందిపొడి గారూ, మీ బిల్లు ఉందా? ట్యాక్స్ దేని మీద వేశారో చూడండి.

కందిపొడి_డల్లాస్
ఫోన్‌లో ఫొటో ఉంది. డ్రింక్స్ ఏమీ తీసుకోలేదు కాబట్టి లెక్క సూటిగానే ఉంది. భోజనం 300, గ్రాట్యుయిటీ 60, ట్యాక్స్ 29.70.

పన్నుల_మావయ్య
డల్లాస్‌లో రేటు 8.25 శాతం. 300 మీద అయితే 24.75 రావాలి. 29.70 అంటే 360 మీద వేశారు, గ్రాట్యుయిటీని కూడా కలిపి.

చికాగో_చిన్నోడు
దొరికిపోయారు!!!

వంటింటి_ఓనర్
తొందరపడకండి. బిల్లింగ్ మెషీన్‌లో సర్వీస్ ఛార్జి పెట్టేటప్పుడు 'ట్యాక్సబుల్' అన్న బాక్స్ టిక్ చేసి వదిలేస్తే ఇలాగే వస్తుంది, డబ్బు నిజంగా సర్వర్లకే వెళ్తున్నా సరే. సెటప్ చేసినవాళ్ళు వేరే రాష్ట్రం లెక్కలో పెట్టేసిన చోట్లు నేను చూశా.

పన్నుల_మావయ్య
అవును, రుజువు కాదు. కానీ రెండే దారులు: ఓనరు కొంత ఉంచుకుంటున్నాడు, లేదా మీ దగ్గర అక్కర్లేని 4.95 వసూలు చేశాడు. రెండిట్లో ఏదైనా అడగడానికి మీకు హక్కు ఉంది. ఫోన్ చేసి 'ట్యాక్స్ గ్రాట్యుయిటీ మీద కూడా పడింది, ఎందుకు' అని మాత్రం అడగండి. 'సర్వర్‌కి ఇస్తున్నారా' అని అడిగితే అందరూ ఇస్తున్నాం అనే చెప్తారు, ట్యాక్స్ గురించి అడిగితే అకౌంట్స్ చూసే మనిషి లైన్‌లోకి వస్తాడు.

బోస్టన్_బాబాయ్
మా మసాచుసెట్స్‌లో ఈ తలనొప్పి తక్కువ. సర్వీస్ ఛార్జి అని గానీ టిప్ అని గానీ వేస్తే అది వడ్డించేవాళ్ళకే వెళ్ళాలి, మేనేజర్లకి వాటా లేదు. 'అడ్మినిస్ట్రేటివ్ ఫీజు' అని వేసి ఉంచుకోవచ్చు గానీ, ఇది టిప్పు కాదు, పనివాళ్ళకి వెళ్ళదు అని కస్టమర్‌కి తెలిసేలా చెప్పాలి. అందుకే ఇక్కడ ఫంక్షన్ హాళ్ళ కాంట్రాక్టుల్లో ఆ వాక్యం తప్పకుండా కనిపిస్తుంది.

సియాటిల్_వాన
వాషింగ్టన్‌లో ఆటోమేటిక్ సర్వీస్ ఛార్జిలో ఎంత శాతం వడ్డించిన మనిషికి వెళ్తుందో బిల్లు మీద, మెనూ మీద రాయాలి. సున్నా అయితే సున్నా అని. కొన్ని చోట్ల '100 శాతం హౌస్ ఉంచుకుంటుంది' అని రాసి ఉండడం చూశాను, చదివి నోరు తెరిచాను గానీ కనీసం దాచలేదు. అక్కడ నేను విడిగా వేస్తాను. లేని చోట వేయను.

లండన్_లలిత
ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో 2024 అక్టోబర్ 1 నుంచి టిప్పులు, సర్వీస్ ఛార్జి రెండూ పూర్తిగా పనివాళ్ళకే, కార్డు ఖర్చులు కూడా కోయకూడదు. అమెరికాలో రాష్ట్రానికో కథ వింటుంటే తల తిరుగుతోంది.

అమీర్‌పేట్_అబ్బాయి
మా దగ్గర గొడవ ఇంకో రకం అన్నా. ఇక్కడ సర్వర్‌కి చేరుతుందా అన్నదాకా పోనే లేదు, అసలు వేయొచ్చా అన్నదే కేసు. వినియోగదారుల అథారిటీ 2022 జూలైలో సర్వీస్ ఛార్జి బిల్లులో తనంతట తాను కలపకూడదు అంది, హోటళ్ళ సంఘాలు కోర్టుకి వెళ్ళాయి, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు అథారిటీ వైపే తీర్పు ఇచ్చింది. తీసేయమంటే తీసేయాలి.

పళ్ళెం_మోసిన_స్వాతి
ఇక్కడ ఇంకో కొత్త తిరకాసు కూడా వచ్చింది. 2025లో 'టిప్పుల మీద పన్ను లేదు' అని చట్టం చేశారు కదా, ఏడాదికి 25,000 డాలర్ల దాకా ఆదాయపు పన్ను లెక్కలోంచి మినహాయింపు, 2028 వరకు. కానీ కస్టమర్ ఇష్టపడి ఇచ్చిన టిప్పులకే అది. తప్పనిసరిగా వేసిన 20 శాతానికి వర్తించదు. ఇంకా పనిచేస్తున్న నా ఫ్రెండ్స్ ఇప్పుడు ఆటో-గ్రాట్ వద్దు, గీత మీద రాస్తే చాలు అంటున్నారు. నేను చేసేటప్పుడు ఆటో-గ్రాట్ అంటే అందరికీ ప్రాణం.

పన్నుల_మావయ్య
కరెక్ట్ అమ్మా. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ మాత్రం టిప్పుల మీద కూడా మామూలుగానే పోతాయి, పేరు చూసి పూర్తిగా పన్ను లేదనుకునేవాళ్ళు ఎక్కువ. వచ్చే సీజన్‌లో నాకు అదే పని, ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ కూర్చోవడం.

కందిపొడి_డల్లాస్
ఫోన్ చేశా. మొదట ఎత్తినాయన 'సార్, అంతా స్టాఫ్‌కే' అన్నాడు. ట్యాక్స్ సంగతి ఎత్తగానే మావయ్య గారు చెప్పినట్టే వేరే ఆవిడ లైన్‌లోకి వచ్చారు. 'సర్వర్‌కి 15 శాతం ఇస్తాం, మిగతా 5 గ్రూప్ బుకింగ్స్ చూసే ఖర్చులకి, అందుకే ట్యాక్స్ వేస్తాం' అని దాపరికం లేకుండా చెప్పారు. ఆవిడ అలా చెప్పేసరికి నాకు కోపం కూడా రాలేదు. 60 లో 45 ఆ అమ్మాయికి వెళ్ళాయన్నమాట, బావగారి 30 తో కలిపి 75. 

తోడల్లుడిని_నేనే
'పైసా ఇవ్వరు' అని నేను అన్నట్టు గుర్తు లేదు.

గుంటూరు_కారం_77
మొదటి పోస్ట్‌లో ఉందండీ 😂

చికాగో_చిన్నోడు
ఖర్చులకి 5 శాతం అయితే దానికి గ్రాట్యుయిటీ అని ఎందుకు పేరు? 'బుకింగ్ ఫీజు 5' అని విడిగా వేయమనండి. నాకు ఇంకా మంటగానే ఉంది.

ఆస్టిన్_అనిత
ఇదంతా చదివాక నాకు భయం పట్టుకుంది. వచ్చే నెల మా చెల్లి సీమంతానికి హాలు మాట్లాడాం, కాంట్రాక్టులో '22 శాతం సర్వీస్ అండ్ అడ్మిన్ ఫీజు' అని ఉంది. ఇంకా సంతకం పెట్టలేదు. ఏం అడగాలి?

పళ్ళెం_మోసిన_స్వాతి
సంతకం పెట్టలేదు కాబట్టి మంచిదైంది అనితా. ఆ 22 ని రెండు లైన్లుగా విడగొట్టి రాయమను, వడ్డించేవాళ్ళకి ఎంత, హాలుకి ఎంత. రాయమంటే వెనక్కి తగ్గితే అంతా హాలుకే అనుకో. అప్పుడు ఆ శాతాన్ని తగ్గించమని బేరం ఆడు, చాలామంది ఒకటి రెండు శాతం తగ్గిస్తారు. ఆ మిగిలిన డబ్బు కవర్లలో పెట్టి ఆ రోజు పనిచేసినవాళ్ళకి నువ్వే ఇవ్వు. అందరికీ కలిపి కెప్టెన్‌కి ఇవ్వకు, మనిషికో కవరు. వంటింట్లో గిన్నెలు కడిగేవాళ్ళని మర్చిపోకు, వాళ్ళు బయటికి రారు కాబట్టి ఎవరికీ గుర్తుండరు.

పన్నుల_మావయ్య
విడగొట్టి రాయిస్తే ఇంకో లాభం. వడ్డించేవాళ్ళ వాటా గ్రాట్యుయిటీ అని విడిగా ఉండి మొత్తం వాళ్ళకే పంచితే దాని మీద సేల్స్ ట్యాక్స్ పడదు. 22 మొత్తం ఒకే ఫీజుగా ఉంటే మొత్తం మీద పడుతుంది. ఎంతమంది గెస్టులు?

ఆస్టిన్_అనిత
నూట ఇరవై దాకా. థాంక్యూ మావయ్యా, రేపు పొద్దున్నే ఫోన్ చేస్తా. అక్కా, కవర్‌లో ఎంత పెట్టాలి?

పళ్ళెం_మోసిన_స్వాతి
ఎంతమంది స్టాఫ్ వస్తారో ముందు కనుక్కో, అప్పుడు చెప్తా.